‘ఏమీ లేదు’ అని రాసిన చోట

పోయిన నెల మా మండలంలోని ఒక ఊరి బంచరాయికి సంబంధించిన కాగితం మా చేతికి వచ్చింది. అరవై ఎకరాల పైచిలుకు గడ్డి భూమి అది. ఏదో ప్రాజెక్టు కోసం ఇవ్వాలని ప్రతిపాదన. అందులో ‘భూమి ప్రస్తుత స్థితి’ అని ఒక గడి ఉంది. దాని ఎదురుగా రాసింది రెండే ముక్కలు: ‘ఖాళీ. ఏమీ లేదు.’ రాసినాయన ఆ భూమి చూశాడో లేదో మాకు తెలియదు. చూసి ఉంటే నడిఎండాకాలంలో చూసి ఉంటాడు, అదీ జీపు దిగకుండా.

ఆ కాగితం మీద వాదించడానికి కూర్చున్నప్పుడు మాకే ఒక ఇబ్బంది ఎదురైంది. ‘ఏమీ లేదు’ అన్నది తప్పని అందరం అన్నాం. మరి ఏముంది? గడ్డి ఉంది, తంగేడు ఉంది, గొర్లు మేస్తాయి అన్నాం. ఆ తర్వాత మాట సాగలేదు. యాభై ఏళ్లుగా ఆ బంచరాయి మీదుగా నడిచినవాళ్లం పది పేర్లు చెప్పి ఆగిపోయాం. అందుకే ఎంగిలిపూల బతుకమ్మకు నాలుగు రోజుల ముందు, పొద్దున్నే, ఒక నోటుబుక్కు పట్టుకుని అక్కడికి వెళ్లాం. సంఘం వాళ్లం నలుగురం. ఏటా పూలు తెచ్చే ఆడవాళ్లు ఇద్దరు, హైస్కూల్ సారు, ఫోన్లు పట్టుకున్న ఇద్దరు పిల్లలు, గొర్లు కాసే కురుమ తాత ఒకరు. ఆ పొద్దు మేము చూసినదీ, ఆ తర్వాత ఆలోచించినదీ ఈ వ్యాసం.

మొదటి అరగంట మేము చదువుకున్నవాళ్లం వెనకబడ్డాం. తాతకు ఏదీ అడగాల్సిన పని లేదు. కాలి కింద నీలంగా, మినప గింజకన్నా కాస్త పెద్దగా ఉన్న పువ్వు చూసి సారు ఫోన్ తీశాడు. తాత నవ్వి, “గిది ఎర్కలేదా బిడ్డా? విష్ణుక్రాంత. మొన్న వినాయకునికి పెట్టలే?” అన్నాడు. నిజమే. వినాయక చవితినాడు ఇరవై ఒక్క పత్రి పేర్లు ప్రతి ఇంట్లో చదువుతాం. విష్ణుక్రాంత, ఉత్తరేణి, రేగు, జిల్లేడు, ఉమ్మెత్త, గరిక, వాకుడు, వావిలి. ఇందులో సగం దాకా బీడులో, గెట్టు మీద దొరికేవే. మన పెద్దలు ఏడాదికి ఒకసారి ఇంటిల్లిపాదికీ పెట్టిన పరీక్ష లాంటిది ఆ పూజ. ఇప్పుడు ఇరవై రూపాయలకు బజారులో కట్ట కొంటున్నాం. ఈ ఏడాది మేము కొన్న కట్టల్లో ఒకదానిలో మాచిపత్రి పేరుతో వయ్యారిభామ కొమ్మ కనబడింది. ఆకు రెండింటికీ చీలికలు చీలికలుగానే ఉంటుంది. మాచిపత్రి ఆకు నలిపితే కమ్మగా ఘాటైన వాసన వస్తుంది, ఆకు అడుగు తెల్లగా ఉంటుంది. వయ్యారిభామకు ఆ పరిమళం లేదు, పూత చొక్కా గుండీల్లాగా చిన్నచిన్నగా తెల్లగా ఉంటుంది, తాకితే కొందరికి ఒళ్లంతా దద్దుర్లు. పేరు మరిచిపోతే దేవుడికి ఏం పెడుతున్నామో కూడా తెలియదు.

విష్ణుక్రాంతను గుర్తుపట్టడం తేలిక. నేలను కరుచుకుని పాకుతుంది, సన్నటి ఆకుల మీద పట్టులాంటి నూగు ఉంటుంది, పువ్వు పొద్దున విచ్చి మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. పదకొండు గంటలకు జీపులో వచ్చేవాళ్లకు అది కనిపించకపోవడంలో వింత లేదు.

తంగేడు దగ్గర మాత్రం ఆడవాళ్లకూ పిల్లలకూ చిన్న తగువు అయింది. పసుపు పువ్వు, జంటలు జంటలుగా ఆకులు ఉన్నదల్లా తంగేడే అన్నారు పిల్లలు. కాదు. తంగేడు పొద. పువ్వు పెద్దది, గుత్తులుగా పూస్తుంది, కాయ పలచగా కాగితంలా ఉంటుంది, ఆకు కాడ మొదట్లో చెవి ఆకారంలో చిన్న ఆకుతొడుగు కనిపిస్తుంది. మోకాలెత్తు పెరిగి, మూడేసి జతల గుండ్రటి ఆకులుండి, కొడవలిలా వంగిన సన్నటి పొడవు కాయ కాసేది తంటెం. దాన్నే కొన్నిచోట్ల తగిరిస అంటారు. ఆకు కొస మొనదేలి, నలిపితే ముక్కు మూసుకునేటట్టు ఉండేది కసివింద. మూడూ దగ్గరి చుట్టాలే కానీ బతుకమ్మలోకి వెళ్లేది తంగేడే. తెలంగాణ రాష్ట్ర పుష్పం కూడా అదే. రాష్ట్ర పుష్పం ఎకరాలకు ఎకరాలు పూసిన నేలను ‘ఏమీ లేదు’ అని రాష్ట్ర ప్రభుత్వ కాగితమే అంటోంది. ఈ సంగతి మీటింగులో చెబితే జనం నవ్వారు. మాకు నవ్వు రాలేదు.

గునుగు సంగతి వేరు. జొన్నలో, పల్లి చేనులో మనం పీకి పారేసే కలుపు అది. ఆశ్వయుజం వచ్చేసరికి వెండి మెరుపుతో, గులాబీ మొనతో కంకులు కంకులుగా నిలబడుతుంది, అప్పుడు అదే బతుకమ్మకు ఒళ్లు. మాతో వచ్చిన ఆడవాళ్లలో ఒకామె అన్నది, “ఎనకట ఇంటెనక కోసేది. ఇప్పుడు గునుగు కోసం గుట్ట దాకా నడవాలె.” కారణం మనందరికీ తెలుసు. చేనులో కలుపు మందు కొట్టడం ఒక ఎత్తు. కూలి దొరకదు, ఖర్చు భరించలేము, ఆ బాధ మాది కూడా. కానీ పంట లేని గెట్టు మీద, కాలువ ఒడ్డు మీద ‘శుభ్రంగా ఉంటుంది’ అని గ్లైఫోసేట్ కొట్టడం దేనికి? ఆ మందును పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల ద్వారా తప్ప వాడకూడదని కేంద్రం 2022 అక్టోబరులో ఆంక్ష పెట్టింది. అయినా ఊళ్లలో దొరుకుతూనే ఉంది. గెట్టు మీద గడ్డి మాడితే మట్టి జారుతుంది, మేత పోతుంది, తుమ్మికూర పోతుంది, గంగవావిలి పోతుంది. వాటితోపాటు పోయేవి ఇంకొన్ని ఉన్నాయి. అవే సీతాకోకచిలుకలు.

ఇక్కడ మన భాష గురించి ఒక మాట. మొక్కకు మన దగ్గర పేర్లు కోకొల్లలు. ఒకే ఆకుకూర గంగవావిలి, గంగపాయిలి, పాయలకూర. సీతాకోకకు మాత్రం పెద్దదైనా చిన్నదైనా, నల్లదైనా పచ్చదైనా అంతా సీతాకోకచిలుకే. పంటను తినే రాత్రి పురుగు అయితే రెక్కల పురుగు. బట్టమేకకు, పాలపిట్టకు, పసులపోలిగాడికి పేర్లు పెట్టిన జాతి సీతాకోకల్ని ఎందుకో వదిలేసింది. పుస్తకాల్లో ఇంగ్లీషు పేర్లే ఉన్నాయి. మేము ఆ రోజు ఒక పని చేశాం. ఏ సీతాకోక పిల్ల, అంటే గొంగళి, ఏ మొక్కను తిని పెరుగుతుందో ఆ మొక్క పేరు పెట్టి పిలిచాం. ఇవి మేము పెట్టుకున్న పేర్లే, మీ ఊళ్లో ఇంతకన్నా మంచివి ఉంటే రాయండి.

ఈ పద్ధతిలో ఒక లాభం ఉంది. సీతాకోక ఎగురుతుంది, ఫోటోకు నిలబడదు. మొక్క నిలబడుతుంది. మొక్క తెలిసినవాడికి సీతాకోక సగం తెలిసినట్టే. జిల్లేడు దగ్గర కాసేపు నిలబడండి. నారింజ రంగు రెక్కలు, నల్లటి అంచు, ముందు రెక్క కొసన నలుపు మీద తెల్లటి చుక్కలు ఉన్న సీతాకోక నింపాదిగా, ఎవరికీ భయపడనట్టు తిరుగుతుంటుంది. ప్లెయిన్ టైగర్ అంటారు, మేము జిల్లేడు సీతాకోక అన్నాం. దాని గొంగళికి తెలుపు, నలుపు, పసుపు పట్టీలు, ఒంటి మీద మూడు జతల నల్లటి కొమ్ములు. జిల్లేడు పాలలోని విషం దాని ఒంట్లో చేరుతుంది. ఒకసారి తిని కక్కిన పిట్ట మళ్లీ దాని జోలికి పోదు. ఆ నింపాది అందుకే.

ఇప్పుడు దాని దొంగ అక్కను చూడండి. అచ్చం అలాగే ఉండే ఇంకో సీతాకోక అదే బంచరాయిలో ఉంది. పుస్తకం పేరు డనాయిడ్ ఎగ్‌ఫ్లై. దానికి విషం లేదు, వేషం ఉంది. ఆడది మాత్రమే ఈ వేషం వేస్తుంది. మగది నల్లగా, రెక్కల మీద నీలి అంచుతో పెద్ద తెల్లటి మచ్చలతో ఉంటుంది, రెండూ ఆలుమగలని ఎవరూ నమ్మరు. తేడా చూడాలంటే వెనక రెక్క చూడాలి. అసలు జిల్లేడు సీతాకోకకు మధ్యలో మూడు నాలుగు నల్ల చుక్కలుంటాయి. వేషగత్తెకు పై అంచు దగ్గర ఒకటే ఉంటుంది. దీని గొంగళి దేన్ని తింటుందో తెలుసా? మన గంగవావిలిని. పప్పులోకి కోసుకునే కూరలో మనకొక వాటాదారు ఉందన్నమాట. అందుకని గంగవావిలి సీతాకోక అని రాసుకున్నాం.

తంగేడు సీతాకోకలు రెండు రకాలు. ఒకటి లేత ఆకుపచ్చ కలిసిన తెలుపు, వేగంగా, ఆగకుండా ఎగురుతుంది. రెండోది నిమ్మపండు రంగులో చిన్నది, నేలకు దగ్గరగా తిరుగుతుంది. గొంగళ్లు రెండింటివీ ఆకుపచ్చవే, ఆకు ఈనె వెంట పడుకుంటే పక్కనున్నా కనబడవు. పల్లేరు కాయ గుచ్చుకుని తిట్టుకునే చోట వంగి చూస్తే బొటనవేలి గోరంత నీలి సీతాకోకలు తిరుగుతుంటాయి. వాటిలో ఒకదానికి పల్లేరు ఆకే ఆహారం. ఈ చిన్న నీలాల్లోనే గ్రాస్ జ్యువెల్ అనేది ఉంది, మన దేశంలోని సీతాకోకల్లోకెల్లా చిన్నది అదేనంటారు. వెనక రెక్క అంచున నారింజ రంగు మీద మెరిసే నల్ల చుక్కలు ఉంటే అదే. పిల్లలిద్దరూ దానికోసం మోకాళ్ల మీద పాకారు. ఫోటోలో మసకగా వచ్చింది, అయినా చుక్కలు తెలిశాయి.

నల్లరేగడి చేల గెట్ల మీద పాకే గాడిదగడపాకు అందరికీ తెలిసిందే, చేదు విషం. పశువు ముట్టదు. నల్లటి రెక్కలు, ఎర్రటి ఒళ్లు, వెనక రెక్కల అంచున ఎర్రటి నెలవంకలు ఉన్న పెద్ద సీతాకోక మీ చేనులో తిరిగితే దగ్గర్లో ఈ ఆకు గానీ, ఈశ్వరి తీగ గానీ ఉన్నట్టే. క్రిమ్సన్ రోజ్ దాని పేరు. ఒక్క మొక్క పీకేస్తే ఒక్క సీతాకోక తరం ఆగుతుంది, ఎందుకంటే దాని గొంగళి వేరే కుటుంబపు ఆకు తినదు. ఇక బాట మీద రెక్కలు పరిచి కూర్చుని, మనం దగ్గరికి పోతే నాలుగు బారలు ఎగిరి మళ్లీ బాట మీదే కూర్చునేవి ఉంటాయి. పసుపు, నలుపు, వెనక రెక్క మీద నీలి మచ్చ. ముళ్ల గోరింట దాపున ఇవి ఎక్కువ. అవి కోరేది చెట్ల నీడ కాదు. ఎండ పడే నేల, పొట్టి గడ్డి.

సీతాకోకనూ రెక్కల పురుగునూ వేరు చేయడం రైతుకు చాలా అవసరం కాబట్టి ఆ ముక్క కూడా. మీసం చూడండి. సీతాకోక మీసం కొస అగ్గిపుల్ల తలలా లావుగా ఉంటుంది. రెక్కల పురుగు మీసం ఈకలా గానీ, దారంలా గానీ ఉంటుంది. ఒకటి పగలు తిరుగుతుంది, ఒకటి ఎక్కువగా రాత్రి. వాలినప్పుడు ఒకటి రెక్కలు నిలువుగా మూస్తుంది, మరొకటి వీపు మీద పరుచుకుంటుంది. గులాబీ రంగు పురుగు, శనగపచ్చ పురుగు, పొగాకు లద్దె పురుగు, 2018లో మన దేశంలో దిగిన కత్తెర పురుగు, పల్లిని తినే ఎర్ర గొంగళి, ఇవన్నీ రెక్కల పురుగుల సంతానం. మనల్ని అప్పుల్లో ముంచినవాటిలో పగటి సీతాకోకల వాటా చాలా తక్కువ.

తక్కువే కానీ లేకపోలేదు. సీతాకోకలు దేవతలని మేము చెప్పబోవడం లేదు. బత్తాయి నారులో ఆకంతా తినేసే గొంగళి, చిన్నప్పుడు పిట్ట రెట్టలా ఉండి, పెద్దయ్యాక పచ్చగా మారి, తాకితే తల మీద నుంచి నారింజ రంగు కొమ్ము బయటికి తోసి కంపు కొట్టేది, అది నిమ్మ సీతాకోక పిల్ల. దానిమ్మలో కాయ తొలిచేదీ సీతాకోక పిల్లే. కంది, అలసంద పూతలో చేరే నీలి సీతాకోక ఉంది. వరి ఆకును మడిచి తినేవి ఉన్నాయి. నారుమడిలో పది గొంగళ్లు కనబడితే చేత్తో ఏరేయండి, మేమూ అదే చేస్తాం. పువ్వుల్లోనూ అంతే. జొన్న చేనులో ముచ్చటగా పూసే జొన్న మల్లె జొన్న వేరు నుంచి రసం పీల్చి బతుకుతుంది. దాన్ని చూసి మురిసిపోయే రైతు ఎవరూ లేడు. అందంగా ఉన్నదల్లా మిత్రుడు కాదు, అందవికారంగా ఉన్నదల్లా శత్రువు కాదు. ఏది ఏదో తెలియాలి, మా కోరిక అంతే.

పరాగం సంగతి కూడా కొందరు ఎక్కువ చేసి చెబుతారు. పంటలకు పరాగం మోయడంలో తేనెటీగలు చేసినంత పని సీతాకోకలు చేయవు. కానీ సీతాకోక తిరిగే గెట్టు మీద తేనెటీగ కూడా తిరుగుతుంది. మన చేనులోని పురుగు గుడ్ల మీద తన గుడ్లు పెట్టే చిన్న కందిరీగలకు కావలసిన తేనె ఆ పువ్వుల్లోనే ఉంది. గొంగళ్లను ఏరుకు తినే పసులపోలిగాడు, గోరింక ఆ గెట్టు నుంచే చేనులోకి దిగుతాయి. గడ్డి చామంతి అమెరికా ఖండం నుంచి వచ్చిన పరాయి మొక్కే. అయినా మా నోటుబుక్కులో అన్నిటికన్నా ఎక్కువ సీతాకోకలు వాలిన పువ్వు అదే. పరాయిదని దాన్ని తిట్టడానికి మాకు మనసు రాలేదు. వయ్యారిభామ, సర్కారు తుమ్మ విషయంలో మాత్రం ఆ మొహమాటం లేదు. అవి చేరిన బీడులో గడ్డి మిగలదు.

ఇంతకూ ‘ఏమీ లేదు’ అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది? శిస్తు వసూలు చేసే దొరల కాలంలో శిస్తు రాని భూమి అంతా వృథా భూమి. ఆ లెక్క ఇంకా పోలేదు. కేంద్ర భూవనరుల శాఖ, హైదరాబాద్‌లోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రంతో కలిసి ‘వేస్ట్‌ల్యాండ్స్ అట్లాస్’ వేస్తుంది. 2019లో వచ్చిన అట్లాస్ ప్రకారం దేశంలో 5.57 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే దాదాపు 17 శాతం నేల, వృథా భూమి. పొదలున్న నేలలు, మేత భూముల్లో చాలా భాగం ఆ లెక్కలో కలిసే ఉన్నాయి. ఆకాశం నుంచి తీసిన బొమ్మలో తంగేడు పువ్వు కనబడదు సరే. గొర్లు కూడా కనబడవా?

2019 పశుగణన చూడండి. దేశంలో గొర్లు ఎక్కువగా ఉన్న రాష్ట్రం తెలంగాణ, 1.91 కోట్లు. రెండోది ఆంధ్రప్రదేశ్, 1.76 కోట్లు. రెండూ కలిపి 3.67 కోట్ల గొర్లు. ఇవి దాణా మీద బతకడం లేదు. కోసిన చేలలో కొంత, అడవిలో కొంత, మిగతాదంతా ఈ ‘ఏమీ లేని’ బీళ్లలో మేస్తున్నాయి. మా తాత ఏ గడ్డి తొలకరికి లేస్తుందో, ఏది స్వాతి కార్తె దాటాక కూడా పచ్చగా ఉంటుందో, ఏది తింటే గొర్రె కడుపు ఉబ్బుతుందో వరసగా చెప్పాడు. సారు రాసుకోలేక చెయ్యి విదిలించుకున్నాడు. అది పశువైద్య కళాశాలలో చెప్పే పాఠానికి తక్కువేమీ కాదు. ఆ తాత తర్వాత అది ఎవరి దగ్గరా ఉండదు, మనవడు హైదరాబాద్‌లో డెలివరీ పని చేస్తున్నాడు.

వృథా అని ముద్ర పడ్డాక రెండు దారుల్లో భూమి పోతోంది. ఒకటి మొక్కలు నాటడం. గడ్డి నేలలో వరసగా గుంతలు తీసి ఒకే రకం చెట్లు నాటితే అది అడవి అవుతుందని లెక్క. అడవి పోయినచోట మళ్లీ అడవి పెంచండి, ఊరి వీధిలో చెట్లు నాటండి, వద్దనేవాడెవడు? ఎండ కావలసిన గడ్డి మీద నీడ పరిస్తే గడ్డి చస్తుంది, గొర్రె పస్తుంటుంది, పొట్టి గడ్డిలో బతికే సీతాకోకలు లేచిపోతాయి. రెండోది సౌర విద్యుత్తు. తుంగభద్రకు ఆవల, గని–శకునాల దగ్గర 1,000 మెగావాట్ల పార్కు దాదాపు ఆరు వేల ఎకరాల్లో ఉంది. కరెంటు మనకూ కావాలి, మోటారు నడవాలి. అయితే సౌర విద్యుత్ ప్రాజెక్టులకు 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ కింద ముందస్తు అనుమతి అక్కర్లేదు. అంటే ఆ నేల మీద ఏముందో పనికి ముందు ఎవరూ చూడనవసరం లేదు, రాయనవసరం లేదు. కంపెనీ రాయదు, శాఖ రాయదు. మనం రాయకపోతే ‘ఏమీ లేదు’ అన్నదే చరిత్ర అవుతుంది.

ఊరివాళ్ల మాటకు విలువేముంటుందని అడిగేవాళ్లకు కడప జిల్లా కలివికోడి సంగతి చెప్పాలి. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదని, అంతరించిపోయిందని శాస్త్రవేత్తలు అనుకున్న పిట్ట అది. 1986లో లంకమల అడవుల దగ్గర మళ్లీ దొరికింది. దాన్ని పట్టుకున్నది అక్కడి పొదల్లో రాత్రిపూట తిరగడం తెలిసిన ఒక స్థానికుడు. పుస్తకంలో చచ్చిపోయిన పిట్టకు ఊళ్లో పేరు ఉంది. ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్న రోళ్లపాడు కథ ఇంకోలా నడిచింది. బట్టమేక పిట్ట కోసం 1988లో ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు గడ్డి నేలను అభయారణ్యం చేశారు. ఆ పిట్ట ఇప్పుడు అక్కడ ఏళ్ల తరబడి కనబడడం లేదు. కంచె లోపల గడ్డిని కాపాడి, చుట్టూ ఉన్న మేత భూములను లెక్కలోకి తీసుకోకపోతే పిట్ట నిలవదు.

రాయడానికి చట్టంలోనే ఒక పుస్తకం ఉంది. 2002 జీవవైవిధ్య చట్టం కింద ప్రతి గ్రామ పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి, ఆ కమిటీ ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. ఊళ్లో ఏ మొక్క, ఏ జీవి, ఏ పేరుతో, ఏ వాడకంతో ఉందో అందులో ఉండాలి. చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. 2020 ఫిబ్రవరి నుంచి రాయని రాష్ట్రాలు నెలకు పది లక్షలు కట్టాలని జాతీయ హరిత ట్రిబ్యునల్ అనేసరికి పరుగులు పెట్టారు. దేశమంతటా రెండున్నర లక్షలకు పైగా రిజిస్టర్లు తయారయ్యాయి. ఎలా తయారయ్యాయో మేము ఒక ఊళ్లో చూశాం. పక్క ఊరి రిజిస్టరులోని పేజీలు పేరు మార్చి పెట్టారు. మా చలక నేలలో లేని మడ చెట్టు అందులో ఉంది, గునుగు లేదు. కమిటీ సభ్యులెవరని అడిగితే అందులో పేరున్న ఆమెకే ఆ సంగతి తెలియదు.

కాబట్టి కొత్త చట్టం కోసం ధర్నా చేయనక్కర్లేదు, ఉన్న పుస్తకాన్ని నిజం చేయాలి. మీ పంచాయతీకి వెళ్లి రిజిస్టరు చూపించమని అడగండి. చూపించకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. తర్వాత మీ బీడు మీద నడవండి. పొద్దున ఎనిమిదికి పువ్వు కోసం, పదికి సీతాకోక కోసం, ఎండ పడనిదే అవి లేవవు. గొర్ల కాపరి, ఉపాధి హామీ పనికి వెళ్లే ఆడవాళ్లు తప్పకుండా ఉండాలి. మా అనుభవంలో మొగవాళ్లకన్నా వాళ్లకే ఎక్కువ పేర్లు వచ్చు. జహీరాబాద్ వైపు చిన్న రైతు మహిళలు సాగు చేయకుండానే చేనులో మొలిచే ఆకుకూరలను ఏనాడో లెక్కలోకి తెచ్చారు. ఊరి పేరు మొదట రాయండి, పుస్తకం పేరు దొరికితే దాని పక్కన. ఒక మొక్కకు రెండు పేర్లుంటే రెండూ రాయండి. తేదీ, సర్వే నంబరు, పువ్వు, ఆకు ముందు వెనక, కాయ ఫోటోలు. సీతాకోకను పట్టుకోవద్దు. రెక్క పైవైపు ఒకటి, మూసినప్పుడు ఒకటి ఫోటో తీస్తే చాలు. ఫోన్ యాప్ పేరు చెబుతుంది కానీ తప్పు కూడా చెబుతుంది. మా పిల్లల ఫోన్ తంటేన్ని పల్లి మొక్క అన్నది. తాత దగ్గర సరిచూసుకున్నాం.

పట్టిక పూర్తయ్యాక గ్రామసభలో చదివించి, తీర్మానం రాయించి, ఒక ప్రతి కమిటీకి, ఒకటి తహసీల్దారుకు ఇచ్చి రసీదు తీసుకోండి. ఊరి ఉమ్మడి భూములను కాపాడి పంచాయతీకి తిరిగి అప్పగించాలని సుప్రీంకోర్టు 2011 జనవరిలో జగ్‌పాల్ సింగ్ కేసులో రాష్ట్రాలన్నిటికీ చెప్పింది. ఆ తీర్పు చేతిలో ఉన్నా, భూమి మీద ఏముందో చెప్పే కాగితం లేకపోతే వాదన సగంలో ఆగుతుంది. పట్టిక ఇచ్చినంత మాత్రాన భూమి దక్కుతుందని మేము హామీ ఇవ్వలేం. మా బంచరాయి ఫైలు ఇంకా పైనే ఉంది. కానీ ‘ఏమీ లేదు’ అన్న ముక్క పక్కన ఇప్పుడు మా కాగితం కూడా ఉంది. తొమ్మిది పేజీలు, గడ్డిజాతులతో కలిపి ఎనభై పైచిలుకు పేర్లు, పద్నాలుగు సీతాకోకలు, గొర్ల లెక్క వేరుగా. తీసుకున్న గుమస్తా పేజీలు తిప్పి, “ఇన్ని ఉంటయా?” అన్నాడు. ఆయనదీ పక్క ఊరే.

కార్తీకం దాటితే గడ్డి ఎండుతుంది, పువ్వు రాలుతుంది, మళ్లీ తొలకరి దాకా ఆగాలి. మీ ఊరి పట్టికలు దీపావళి లోపు సంఘం మండల కార్యాలయానికి పంపండి. మాకు పేరు తెలియని మూడు మొక్కలూ ఒక నల్లటి సీతాకోకా మా నోటుబుక్కులో ఇంకా ఖాళీగా ఉన్నాయి. ఫోటోలు కార్యాలయం గోడకు అంటించాం. అటు వచ్చినప్పుడు చూసి, మీ ఊళ్లో వాటిని ఏమంటారో పక్కన రాసి వెళ్లండి.